కప్పు గెలవాలంటే సూపర్‌స్టార్ ఉండాల్సిందేనా? మీకు తెలుసా?

"వాడొక్కడు ఆడుంటే కప్పు మనదే." అవనిగడ్డలోనైనా, గుడివాడలోనైనా, బందరులోనైనా ఓడిపోయి వచ్చిన జట్టు నోట ఈ మాట వినపడుతుంది. అమెరికాలో బాస్కెట్‌బాల్ చూసేవాళ్లు కూడా దశాబ్దాలుగా ఇదే వాదించుకుంటున్నారు. ఒక సూపర్‌స్టార్ లేకుండా ఛాంపియన్ కాగలమా? ఈ ప్రశ్నకు ఒక్కో ఆట ఒక్కో జవాబు చెబుతుంది. స్టార్‌కి ఎంత విలువ ఉండాలో అతని ప్రతిభ కంటే ముందు ఆ ఆట నిబంధనలే తేల్చేస్తాయని నా గట్టి నమ్మకం. ఎందుకో చూడండి.

అత్యంత ఖరీదైన ఆటగాడు, అట్టడుగు స్థానం: రెండూ ఒకే జట్టులో

2023లో ప్రో కబడ్డీ పదో సీజన్ వేలంలో తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొనుక్కుంది. అప్పటివరకు ఆ లీగ్‌లో ఎవరికీ అంత ధర పలకలేదు. పవన్ వేలం ధరకు తగ్గట్టే ఆడాడు, సీజన్‌లో 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. అయినా టైటాన్స్ 22 మ్యాచ్‌ల్లో గెలిచినవి 2. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం.

ఆ సీజన్ ఫైనల్ 2024 మార్చి 1న హైదరాబాద్ గచ్చిబౌలిలోనే జరిగింది. సొంత గడ్డ మీద టైటాన్స్ లేని ఫైనల్‌ను మనం చూడాల్సి వచ్చింది. పుణెరి పల్టన్ 28–25తో హర్యానా స్టీలర్స్‌ను ఓడించి తొలిసారి కప్పు ఎత్తింది. అస్లాం ఇనాందార్, మోహిత్ గోయత్, పంకజ్ మోహితే, ఇలా ఒకరు ఔటైతే ఇంకొకరు కూతకెళ్లే జట్టు అది. పుణె డబ్బు పెట్టలేదని అనుకోకండి. అదే వేలంలో ఇరాన్ ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్లుయీకి 2 కోట్ల 35 లక్షలు ఇచ్చింది. అయితే ఆ డబ్బు వెళ్లింది పట్టు పట్టేవాడికి. కూతకెళ్లేవాళ్లు ఆ జట్టులో అప్పటికే వరసగా ఉన్నారు. మనవాళ్లు డబ్బు, మనం ఆశ, రెండూ కూతకెళ్లే ఒక్కడి మీదే పెట్టాం.

ఔటైన స్టార్ తన వంతు కోసం వరసలో కూర్చోవాలి

కోడూరు మండలం చివర, కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవికి పక్కనే ఉన్న పాలకాయతిప్పలో చెడుగుడు ఆడాలంటే ఇసుక మీద కాలితో గీతలు గీస్తే చాలు. పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, మధ్యలో ఒక గీత. బాస్కెట్‌బాల్‌కు అలా కుదరదు. ఇసుకలో బంతి పైకి లేవదు. గట్టి నేల ఉండాలి, పది అడుగుల ఎత్తున రింగు ఉండాలి. మన తీరప్రాంతంలో చెడుగుడు ఇంటి ఆటగా నిలిచి, బాస్కెట్‌బాల్ కాలేజీ మైదానాలు దాటి రాకపోవడానికి ఇదొక కారణం.

ఈ రెండు ఆటలకూ అసలు తేడా మాత్రం నిబంధనల్లో ఉంది. కబడ్డీలో ఎంత గొప్ప రైడర్ అయినా ఒకసారి దొరికిపోతే బయట కూర్చోవాలి. తన జట్టు అవతలివాళ్లలో ఒకరిని ఔట్ చేస్తే తప్ప మామూలుగా మళ్లీ లోపలికి రాలేడు. అదీ వరస ప్రకారమే. ముందు ఔటైనవాడు ముందు లేస్తాడు. తనకంటే ముందు ఇద్దరు ఔటై ఉంటే, ఆ ఇద్దరూ లేచాకే స్టార్ లేవాలి. అంటే అతని రాక అతని చేతిలో ఉండదు, మిగిలిన ఆరుగురి చేతిలో ఉంటుంది.

ఇంకో లెక్క చూడండి. మ్యాచ్ 40 నిమిషాలు, కూతకు 30 సెకన్లు. ప్రతి కూత పూర్తి సమయం వాడితే ఒక్కో జట్టుకు వచ్చేవి 40 కూతలు. అవతలి జట్టుకూ అన్నే. అంటే సగం ఆట పట్టు పట్టడమే. ఆ సగంలో స్టార్ రైడర్ చేసేది చాలాసార్లు తక్కువే. కార్నర్‌లో నిలబడ్డవాడు కాలు అందుకోవాలి, కవర్‌లో ఉన్నవాడు మీద పడాలి, మిగిలినవాళ్లు మధ్యగీత వైపు దారి మూసేయాలి. తీరంలో అలివి వల లాగేటప్పుడు రెండు వైపుల తాళ్లూ ఒకే ఊపున రాకపోతే చేప జారిపోయినట్టే, గొలుసు పట్టులో ఒక్క చెయ్యి ఆలస్యమైనా రైడర్ గీత దాటేస్తాడు.

స్టార్ గాయపడ్డ ఏడాదే జట్టు తొలిసారి సెమీస్‌కు వెళ్లింది

పవన్ కథలోనే టైటాన్స్‌కు ముందు అధ్యాయం ఒకటుంది. 2022లో తమిళ్ తలైవాస్ అతన్ని 2 కోట్ల 26 లక్షలకు కొంది. అప్పటికి అదే రికార్డు. తొలి మ్యాచ్‌లోనే, ఆట మొదలైన కొద్ది నిమిషాలకే మోకాలికి గాయమై సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. తలైవాస్ పని అయిపోయిందనే అనుకున్నారంతా. నరేందర్ అనే కుర్రాడు కూత బాధ్యత భుజానికెత్తుకున్నాడు, సాగర్, సాహిల్ లాంటి కుర్ర డిఫెండర్లు పట్టు బిగించారు. ఆ జట్టు చరిత్రలో తొలిసారి ప్లేఆఫ్స్‌కు చేరి, సెమీఫైనల్ దాకా వెళ్లింది.

అంతకుముందు 2019లో బెంగాల్ వారియర్స్‌ది ఇంకా పెద్ద కథ. ఆ జట్టు కెప్టెన్, ప్రధాన రైడర్ మణీందర్ సింగ్ గాయంతో ఫైనల్‌కే రాలేకపోయాడు. అవతల దబంగ్ ఢిల్లీలో ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడు నవీన్ కుమార్ ఉన్నాడు. నవీన్ ఫైనల్లోనూ పాయింట్ల మీద పాయింట్లు తెచ్చాడు. కప్పు మాత్రం 39–34తో బెంగాల్‌కు వెళ్లింది. ఆ రోజు జట్టును నడిపింది ఇరాన్ ఆల్‌రౌండర్ నబీబక్ష్.

ఒక్కడే గెలిపించిన ఫైనల్ కూడా ఉంది

అవతలి పక్షం మాట చెప్పకపోతే అన్యాయం. 2019 జనవరి 5న జరిగిన ఆరో సీజన్ ఫైనల్లో బెంగళూరు బుల్స్ మొత్తం 38 పాయింట్లు తెచ్చింది. అందులో 22 ఇదే పవన్ సెహ్రావత్‌వి. గుజరాత్ 33 దగ్గర ఆగిపోయింది. 2017లో పట్నా పైరేట్స్ వరసగా మూడో కప్పు గెలిచినప్పుడు పర్దీప్ నర్వాల్ ఆ ఒక్క సీజన్‌లో 369 రైడ్ పాయింట్లు సాధించాడు. హర్యానాతో జరిగిన నాకౌట్ మ్యాచ్‌లో ఒకే కూతలో అవతలి జట్టును ఖాళీ చేసి 8 పాయింట్లు తెచ్చాడు.

మరి పర్దీప్ వెళ్లిపోయాక పట్నా కూలిపోయిందా? 2021 వేలంలో అతను 1 కోటి 65 లక్షలకు యూపీ యోధాకు వెళ్లాడు. ఆ సీజన్‌లో ఫైనల్ చేరింది పట్నా. ఒక్క పాయింటు తేడాతో, 37–36తో ఢిల్లీ చేతిలో ఓడింది. ఆ పట్నాను ఫైనల్ దాకా తీసుకెళ్లింది డిఫెన్స్. ఎడమ కార్నర్‌లో అప్పుడే లీగ్‌లోకి వచ్చిన షాద్లుయీ ఉన్నాడు. తర్వాత పుణెతో, ఆ తర్వాత హర్యానాతో కప్పు గెలిచింది కూడా అతనే. కబడ్డీలో సూపర్‌స్టార్ కావాలని ఎవరైనా పట్టుబడితే, ఆ స్టార్ కూత దగ్గర కాక కార్నర్‌లో దొరుకుతాడేమో చూడమంటాను.

బాస్కెట్‌బాల్ పుట్టినప్పుడు స్టార్‌కు చోటే లేదు

1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు చలికాలంలో కుర్రాళ్లను గదిలో ఆడించడానికి ఈ ఆటను తయారుచేశాడు. రెండు వైపులా పీచ్ పళ్ల బుట్టలు వేలాడదీశాడు. ఆయన రాసిన 13 నిబంధనల ప్రకారం బంతి పట్టుకున్నవాడు పరిగెత్తకూడదు. పట్టుకున్న చోటి నుంచే ఇంకొకరికి విసరాలి. తొలి ఆటలో ఒక్కో వైపు తొమ్మిదిమంది. బంతిని నేలకు కొడుతూ ముందుకు సాగే డ్రిబ్లింగ్ తర్వాత వచ్చింది. జట్టు అయిదుగురికి కుదించుకుపోయింది. ఈ రెండు మార్పులతో ఆట తీరే మారిపోయింది.

ఇప్పుడు అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో మ్యాచ్ 48 నిమిషాలు. మంచి ఆటగాడు 35 నుంచి 40 నిమిషాలు కోర్టులోనే ఉంటాడు. అయిదుగురిలో ఒకడు, అంటే జట్టులో అయిదో వంతు. బుట్టలో వేసినా, వేయలేకపోయినా, ఎవరూ అతన్ని బయట కూర్చోబెట్టరు. బంతి ప్రతిసారీ అతనికే ఇవ్వొచ్చు. ఆపాల్సినప్పుడు అవతలి స్టార్ ముందు నిలబడేదీ అతనే కావచ్చు. కబడ్డీ రైడర్‌కు గానీ, క్రికెట్ బ్యాటర్‌కు గానీ ఈ వెసులుబాటు లేదు. అందుకే అడిగిన ప్రశ్నకు నా సూటి జవాబు: బాస్కెట్‌బాల్‌లో కప్పు గెలవాలంటే చాలావరకు సూపర్‌స్టార్ కావాల్సిందే. 2021లో మిల్వాకీ బక్స్ కప్పు గెలిచిన చివరి మ్యాచ్‌లో ఆ జట్టు స్టార్ యానిస్ ఒక్కడే 50 పాయింట్లు వేశాడు. 2023లో డెన్వర్‌కు తొలి కప్పు తెచ్చిన నికోలా యోకిచ్ లేకుండా ఆ జట్టును ఊహించలేం.

అయితే స్టార్ ఉంటే చాలా? అది వేరే ప్రశ్న.

సగటు 50 పాయింట్లు, చేతికి కప్పు లేదు

1961–62 సీజన్‌లో విల్ట్ చాంబర్లిన్ మ్యాచ్‌కు సగటున 50.4 పాయింట్లు వేశాడు. 1962 మార్చి 2న ఒకే మ్యాచ్‌లో 100 వేశాడు. ఈ రెండు రికార్డులనూ ఇప్పటికీ ఎవరూ అందుకోలేదు. అదనపు సమయం కూడా కలిపి చూస్తే ఆ ఏడాది అతను మ్యాచ్‌కు సగటున 48 నిమిషాలకు పైగానే ఆడాడు, అంటే విశ్రాంతి అన్నదే లేదు. కప్పు మాత్రం బాస్టన్ సెల్టిక్స్ ఎత్తుకెళ్లింది. ఆ జట్టులో బిల్ రసెల్ ఉన్నాడు. పాయింట్లలో విల్ట్‌కు దరిదాపుల్లో ఉండడు. అవతలివాళ్ల బంతి ఆపడం, రింగు నుంచి తిరిగొచ్చిన బంతి అందుకోవడం, అందుకున్న వెంటనే సహచరుడికి ఇవ్వడం అతని పని. 13 సీజన్లలో 11 కప్పులు. విల్ట్‌కు దక్కినవి రెండు. అందులో మొదటిది 1967లో, తన సగటు 24కు తగ్గించుకుని మిగిలినవాళ్లకు బంతి పంచడం మొదలుపెట్టిన ఏడాది వచ్చింది.

ఇక 1969. ఫైనల్స్ అత్యుత్తమ ఆటగాడికి తొలిసారి అవార్డు ఇచ్చిన ఏడాది అది. ఆ అవార్డు ఓడిన జట్టువాడికి వెళ్లింది. లాస్ ఏంజెలెస్ లేకర్స్ ఆటగాడు జెర్రీ వెస్ట్ చివరి మ్యాచ్‌లో 42 పాయింట్లు వేశాడు, లేకర్స్ 108–106తో ఓడింది. ఓడిన జట్టు నుంచి ఆ అవార్డు అందుకున్నది చరిత్రలో అతనొక్కడే. ఆ రాత్రి గెలిచినవాడు, ఆటగాడిగానూ కోచ్‌గానూ సెల్టిక్స్‌ను నడిపిన రసెల్.

మైకేల్ జోర్డాన్ 63 కొట్టి ఓడాడు, బంతి ఇచ్చి గెలిచాడు

1986 ఏప్రిల్ 20న బాస్టన్ మీద జోర్డాన్ 63 పాయింట్లు వేశాడు. ప్లేఆఫ్స్‌లో అంత స్కోరు ఇప్పటికీ ఎవరిదీ లేదు. మ్యాచ్ ఓడిపోయారు. సిరీస్ కూడా 3–0తో పోయింది. జోర్డాన్ తొలి కప్పు కోసం 1991 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మధ్యలో స్కాటీ పిప్పెన్ వచ్చాడు, కోచ్ ఫిల్ జాక్సన్ బంతి అందరి చేతుల మీదుగా తిరిగే పద్ధతి తెచ్చాడు. 1997 ఫైనల్స్ చివరి మ్యాచ్‌లో ఆఖరి క్షణాల్లో అవతలివాళ్లు ఇద్దరు తన మీదకు రాగానే జోర్డాన్ బంతిని స్టీవ్ కెర్‌కు ఇచ్చాడు. కప్పు తెచ్చిన ఆ బుట్ట కెర్‌ది.

సూపర్‌స్టార్ లేకుండా గెలిచిన జట్టు: 2004 డెట్రాయిట్

ఆ ఏడాది లేకర్స్ జట్టులో షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్, కార్ల్ మలోన్, గ్యారీ పేటన్ నలుగురూ ఉన్నారు. నలుగురి పేర్లూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాయి. ఫైనల్స్‌లో వాళ్ల మీద డెట్రాయిట్ పిస్టన్స్ 4–1తో గెలిచింది. మూడో మ్యాచ్‌లో లేకర్స్‌ను 68 పాయింట్లకే కట్టేసింది. మలోన్ మోకాలి గాయంతో సరిగ్గా ఆడలేకపోయిన మాట నిజమే. అంతమాత్రాన 4–1 రాదు. ఆ సీజన్ ఆల్‌స్టార్ మ్యాచ్‌కు పిస్టన్స్ నుంచి ఎంపికైంది బెన్ వాలెస్ ఒక్కడు. అతనైనా కాలేజీ దాటాక ఏ జట్టూ ఎంచుకోని ఆటగాడు. ఫైనల్స్ అవార్డు అందుకున్న చాన్సీ బిల్లప్స్‌ను అంతకుముందు ఒక జట్టు తర్వాత ఇంకో జట్టు వదిలేసుకున్నాయి.

తర్వాతి మలుపు ఇంకా ఆసక్తికరం. 2006లో అదే పిస్టన్స్ నుంచి నలుగురు ఆల్‌స్టార్‌లయ్యారు. సీజన్‌లో 64 మ్యాచ్‌లు గెలిచారు. ఫైనల్స్‌కు మాత్రం చేరలేదు. డ్వేన్ వేడ్ ఉన్న మయామీ వాళ్లను దాటి వెళ్లి కప్పు గెలిచింది. బాస్కెట్‌బాల్‌లో డెట్రాయిట్ దారి ఉందని 2004 చూపింది, ఆ దారి ఎంత ఇరుకో 2006 చెప్పింది.

2014 శాన్ ఆంటోనియో స్పర్స్‌ను కూడా ఈ కోవలోనే చెబుతారు. ఆ సీజన్‌లో ఆ జట్టు నుంచి ఒక్కరు కూడా సగటున 30 నిమిషాలు ఆడలేదు. ఫైనల్స్‌లో లెబ్రాన్ జేమ్స్ ఉన్న మయామీని 4–1తో ఓడించారు. కానీ ఆ జట్టులో టిమ్ డంకన్ ఉన్నాడని మరిచిపోకూడదు. వయసు మీదపడ్డా అతను సూపర్‌స్టారే. తన నిమిషాలు తగ్గించుకోవడానికి ఒప్పుకున్న సూపర్‌స్టార్.

హైదరాబాదీ మాస్టారు డ్రిబ్లింగే నిషేధించాడు

ఈ జాబితాలో నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది ఇది. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులు. ఫుట్‌బాల్ కోచ్‌గా ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులకు ఉన్న డబ్బు, జనం ఈ పోలీసు జట్టుకు లేవు.

రహీం కుర్రాళ్ల కోసం ప్రత్యేకమైన పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. మైదానంలో నలుగురిని తప్పించుకుని చప్పట్లు కొట్టించుకునే కుర్రాడికి ఈ పోటీల్లో ఆ దారి మూసుకుపోయేది. తల ఎత్తి చూడాలి, ఎవడు ఖాళీగా ఉన్నాడో వెతకాలి, ఇవ్వాలి. నైస్మిత్ 1891లో బాస్కెట్‌బాల్‌కు రాసిన నిబంధన, అరవై ఏళ్ల తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో ఇలా మళ్లీ కనపడుతుంది.

ఫలితం దేశం మొత్తం చూసింది. రహీం శిక్షణలో భారత్ 1951 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరింది. ఆసియా నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన తొలి జట్టు అది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిపోయాం. థాయ్‌లాండ్‌తో ఆడుతున్నప్పుడు డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆ తలతో అతను డిఫెన్స్‌లో నిలబడటం కష్టం. రహీం అతన్ని పక్కన కూర్చోబెట్టకుండా ఏకంగా ముందు వరసకు, సెంటర్ ఫార్వర్డ్‌గా పంపాడు. సెమీఫైనల్లో జర్నైల్ గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియానే ఎదురైంది. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2–1తో బంగారం మనది.

ఆ జట్టులో చునీ గోస్వామి, పీకే బెనర్జీ, సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం లాంటి పెద్ద పేర్లు ఉన్నాయి. వాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ పెద్ద పేర్లున్న ముందు వరసలోనే కుట్లు పడ్డ డిఫెండర్‌కు చోటివ్వగల కోచ్ ఉండటం, ఆ మార్పును వాళ్లు ఒప్పుకోవడం అసలు సంగతి. రహీం అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. 1963 జూన్ 11న కన్నుమూశాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు బంగారం రాలేదు. ఆటగాళ్లలో సూపర్‌స్టార్ కోసం వెతికే మనం, కోచ్ కుర్చీ వైపు కూడా చూడాలి.

వాలీబాల్‌లో స్టార్‌ను వెనక్కి పంపేది నిబంధనే

మన పల్లెల్లో రెండు కర్రలు పాతి, వల కట్టి సాయంత్రాలు ఆడే వాలీబాల్‌ను గమనించారా? సర్వీసు తిరిగొచ్చిన ప్రతిసారీ ఆరుగురూ ఒక్కో స్థానం జరగాలి. ఎంత ఎత్తుకు ఎగిరి స్మాష్ కొట్టేవాడైనా మూడు స్థానాల పాటు వెనక వరసకు వెళ్లక తప్పదు. అక్కడి నుంచి ముందుకొచ్చి వల దగ్గర స్మాష్ కొట్టకూడదు, మూడు మీటర్ల గీత వెనక నుంచే ఎగరాలి. ఒకే మనిషి బంతిని వరసగా రెండుసార్లు తాకడమూ కుదరదు. అంటే స్మాష్ కొట్టేవాడికి బంతి లేపి ఇచ్చేవాడు ఉండి తీరాలి.

1986 సియోల్ ఆసియా క్రీడల్లో భారత వాలీబాల్ జట్టు కాంస్యం గెలిచింది. జిమ్మీ జార్జ్ పేరు అందరికీ గుర్తుంటుంది. ఆ జట్టులోనే తెలుగువాడు పీవీ రమణ ఉన్నాడు. ఆయన కూతురు పీవీ సింధు ఎంచుకున్నది ఒంటరిగా ఆడే బ్యాడ్మింటన్, గెలిచినవి రెండు ఒలింపిక్ పతకాలు. ఆరుగురు పంచుకునే భారాన్ని తండ్రి మోశాడు, పంచుకోవడానికి ఎవరూ లేని భారాన్ని కూతురు మోసింది.

బందరు మూలాలున్న మహా స్టార్ ఒక్క టెస్టూ గెలవలేదు

భారత తొలి టెస్టు కెప్టెన్ సీకే నాయుడు పుట్టింది నాగపూర్‌లో. కొట్టారి వారి కుటుంబం మచిలీపట్నం నుంచి అటు వెళ్లింది. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఎంసీసీ బౌలింగ్ మీద ఆయన 153 పరుగులు చేశాడు, అందులో 11 సిక్సర్లు. క్రికెట్ ఆడే భారతీయులందరికీ ఆ రోజు నుంచి ఆయనే స్టార్. 1932లో లార్డ్స్‌లో తొలి టెస్టుకు నాయకుడయ్యాడు. చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో భారత్ తరఫున అత్యధికంగా 40 పరుగులు చేశాడు. భారత్ 158 పరుగుల తేడాతో ఓడింది. సీకే ఆడిన ఏడు టెస్టుల్లో ఒక్క గెలుపూ లేదు.

తొలి టెస్టు విజయం 1952 ఫిబ్రవరిలో మద్రాసులో, ఇంగ్లండ్ మీద వచ్చింది. వినూ మన్కడ్ 12 వికెట్లు, పంకజ్ రాయ్, పాలీ ఉమ్రిగర్ చెరో సెంచరీ. అంటే ఒకే మ్యాచ్‌లో ముగ్గురు.

దేశవాళీలో మాత్రం సీకేకు జట్టు దొరికింది. ఇండోర్ హోల్కర్ జట్టు 1945–46 నుంచి 1952–53 మధ్య నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. ముష్తాక్ అలీ, సర్వటే, సీకే తమ్ముడు సీఎస్ నాయుడు అందరూ ఆడిన జట్టది. ఆ నాలుగు కప్పులకు ఒక్క ఏడాది ముందు, 1944–45 ఫైనల్లో హోల్కర్ తరఫున ఇంగ్లండ్ స్టార్ డెనిస్ కాంప్టన్ బరిలోకి దిగి 249 పరుగులతో అజేయంగా నిలిచాడు. ఆ ఫైనల్లో హోల్కర్ 374 పరుగుల తేడాతో ఓడింది.

973 పరుగుల ఏడాది కప్పు హైదరాబాద్‌ది

2016 ఐపీఎల్‌లో విరాట్ కోహ్లీ 973 పరుగులు చేశాడు. ఇప్పటికీ రికార్డే. ఫైనల్లో కోహ్లీ జట్టు బెంగళూరు మీద 8 పరుగుల తేడాతో గెలిచింది సన్‌రైజర్స్ హైదరాబాద్. డేవిడ్ వార్నర్ బ్యాటుతో పాటు భువనేశ్వర్, ముస్తాఫిజుర్ బౌలింగ్ కలిసి తెచ్చిన కప్పు అది. బెంగళూరు తొలి కప్పు 2025లో గెలిచింది. ఆ ఏడాది కోహ్లీ చేసినవి 657.

సినిమా స్టార్లను ఇచ్చిన నేల కూడా మనదే

ఎన్టీఆర్ ఊరు నిమ్మకూరు, ఏఎన్ఆర్ ఊరు గుడివాడ దగ్గరి రామాపురం. ఇద్దరు అగ్ర హీరోలూ కలిసి నటించిన మాయాబజార్ (1957)లో ఎస్వీ రంగారావు ఘటోత్కచుడిని, సావిత్రి మాయా శశిరేఖను తీసేస్తే ఏం మిగులుతుందో ఆలోచించండి. స్టార్ ఒక్కడితో కథ నడవదన్న ఈ లెక్క మన ప్రేక్షకుడికి కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇంతకీ టైటాన్స్ ఏమైంది?

2014లో లీగ్ మొదలైనప్పటి నుంచి ఆరు సీజన్లు రాహుల్ చౌదరి టైటాన్స్‌కు ఆడాడు. లీగ్‌లో తొలి సూపర్‌స్టార్ అతనే అంటే తప్పు కాదు. అతనున్నన్నాళ్లూ జట్టు ఒక్క ఫైనల్ కూడా చేరలేదు. ఏడో సీజన్‌కు సిద్ధార్థ్ దేశాయ్‌ను 1 కోటి 45 లక్షలకు తెచ్చారు, జట్టు అట్టడుగుకు దగ్గర్లోనే ఆగింది. ఎనిమిదో సీజన్‌లో ఒక్క గెలుపు, తొమ్మిదిలో రెండు, పవన్ వచ్చిన పదిలో రెండు. మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లు, 5 విజయాలు. మ్యాచ్‌లు జరిగినప్పుడల్లా అభిమానులు మాత్రం గచ్చిబౌలి స్టేడియానికి వస్తూనే ఉన్నారు. వాళ్ల ఓపికకు నమస్కారం పెట్టాలి.

పదకొండో సీజన్‌లో పవన్ గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైనప్పుడు విజయ్ మలిక్ ముందుకొచ్చాడు. టైటాన్స్ 12 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్ అంచు దాకా వెళ్లింది. 2025లో పవన్ జట్టులో లేడు. విజయ్ కెప్టెన్, భరత్ హుడా తోడు. టైటాన్స్ ప్లేఆఫ్స్‌లో ఆడింది.

పాలకాయతిప్ప నుంచి గుడివాడ దాకా సంక్రాంతికి కబడ్డీ పోటీలు పెట్టే పెద్దలకు ఒక మనవి. బెస్ట్ రైడర్‌కు ఇచ్చే కప్పుతో సమానమైన కప్పు, అంతే నగదు బెస్ట్ డిఫెండర్‌కూ ఇవ్వండి. కార్నర్‌లో నిలబడే కుర్రాడి పేరును కూడా మైకులో చదవండి.